ఎంగిలి గొట్టం

పోయిన వారం మిమ్మల్ని మా వదినగారి వసారాలో నిలబెట్టి నేను చక్కా వెళ్ళిపోయాను. వారం రోజులూ అలాగే నిలబడి ఉన్నారేమో, పాపం, కాళ్ళు పీకుతుంటాయి. అదిగో, ఆ మడతమంచం వాల్చుకుని కూర్చోండి. పక్కనే కొబ్బరికాయల గుట్ట ఉంది, మోకాలు తగలకుండా చూసుకోండి.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. మా అన్నయ్యగారి అబ్బాయి అబ్బులు. కొత్తపేట దగ్గర మా ఊళ్ళో వాడికి రెండెకరాల కొబ్బరితోట, ఒక లోడు బండి, దుర్గాశ్రీ అని మంచి పెళ్ళాం ఉన్నాయి. వీటన్నిటికీ ఎసరు పెట్టడానికి ఒక సీసా కూడా ఉండేది. ఆ సీసా మూలంగానే వంద రోజుల కిందట దుర్గాశ్రీ బట్టల సంచీ సర్దుకుని రాజోలు పక్కన పుట్టింటికి వెళ్ళిపోయింది. వెళ్తూ గుమ్మంలో నిలబడి ఒక్క మాట అంది.

"తాగినందుక్కాదండి నేను వెళ్తున్నది. తాగొచ్చి, నా నెత్తి మీద చెయ్యేసి తాగలేదన్నారు చూడండి, అందుకండి."

ఆ తర్వాత అబ్బుల్ని అమలాపురంలో మందు మాన్పించే చోటికి నేనే తీసుకెళ్ళాను. అక్కడ కీర్తి అనే అమ్మాయి ఉంది. తాగేవాళ్ళతో కూర్చుని మాట్లాడి, దారిలో పెట్టడం ఆ అమ్మాయి ఉద్యోగం. వాడి చేతిలో అగ్గిపెట్టెకి అన్నలాంటి డబ్బా ఒకటి పెట్టి, దానికో గొట్టం తగిలించి, ఫోన్లో ఒక యాప్ ఎక్కించింది. పొద్దున ఎనిమిదింటికీ సాయంత్రం నాలుగింటికీ ఊదాలి. ఊదుతున్నప్పుడు ఫోను దానంతటదే ఫొటో తీసుకుంటుంది. తాగకపోతే పచ్చ దీపం, తాగితే ఎర్ర దీపం, పక్కనే ఎంత తాగారో ఒక అంకె. ఏ దీపం వెలిగినా ఆ క్షణంలోనే 'తోడు' అని పేరు రాయించుకున్నవాళ్ళ ఫోన్లన్నీ మోగుతాయి. తోడుకి ఏడుగురికి మించి వీల్లేదంటే మా ఊళ్ళో సగం మంది, శుభలేఖలో పేరు వెయ్యలేదన్నట్టు అలిగారు.

మొదట్లో ఆ యాపు "ఊదు" అనేది. అబ్బులు రెండు రోజులు దాన్ని ముట్టుకోలేదు. "నా పెళ్ళాం కూడా నన్ను ఏకవచనంతో పిలవదు బాబాయ్, ఇదెవత్తి?" అన్నాడు. పాపం కీర్తి తనే కూర్చుని తన గొంతుతో మళ్ళీ రికార్డు చేసింది. ఇప్పుడు అది "అబ్బులుగారూ, వేళయిందండి. ఊదండి. ఆయ్, ఇంకొంచెం... ఇంకొంచెం... చాలండి" అంటుంది. దాంతో వాడు బుద్ధిగా దారిలోకి వచ్చాడు.

దుర్గాశ్రీ కూడా ఒప్పుకుంది. "మీ మాట నమ్మనండి. ఆ డబ్బా మాట నమ్ముతాను. తొంభై రోజులు పచ్చ దీపం చూపించండి, తొంభయ్యో రోజు నా అంతట నేనే వస్తాను" అని ఫోన్లో చెప్పింది.

ఎనభై తొమ్మిది రోజులు పచ్చ దీపమే. ఇవాళ తొంభయ్యోది. మధ్యాహ్నం బస్సుకి దుర్గాశ్రీ రావాలి. అబ్బులు పొద్దున్నే తలంటుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఎనిమిది కొట్టగానే ఊదాడు.

ఎర్ర దీపం.

అదుగో, అక్కడే కదా మిమ్మల్ని వదిలేశాను.

ఏడు ఫోన్లూ ఒక్కసారి మోగాయి. చేపల బజారులో ఇస్సాకు జేబులో ఒకటి, పాలకేంద్రం దగ్గర ఒకటి, నా బొడ్లో ఒకటి. అన్నిటికన్నా ముఖ్యమైనది రాజోలు పక్కన దుర్గాశ్రీ చేతిలో మోగింది.

"కంగారు పడకండి అబ్బులుగారూ. మళ్ళీ మొదలెట్టుకోవచ్చండి. మనం మాట్లాడుకుందామండి," అంది ఫోన్లోంచి కీర్తి గొంతు.

"మాట్లాడుకోడానికేముందమ్మా, నేను తాగందే!" అని వాడు ఫోనుతోనే వాదన పెట్టుకున్నాడు. అది రికార్డు చేసిన గొంతని వాడికి తెలుసు. అయినా అంత మర్యాదగా పలకరించినవాళ్ళకి జవాబు చెప్పకుండా ఉండలేడు. వాళ్ళమ్మ పెంపకం అలాంటిది.

తొమ్మిదిన్నరకల్లా మోటారుసైకిలు మీద రాజేంద్రప్రసాద్ దిగాడు. దుర్గాశ్రీకి అన్నయ్య, హైస్కూల్లో లెక్కల మాస్టారు. మామూలుగా వాళ్ళిద్దరూ 'నువ్వు', 'ఒరే' అని పిలుచుకునే బావాబావమరుదులు. ఇవాళ వసారా మెట్టెక్కుతూనే, "బావగారూ, కూర్చోండి," అన్నాడు.

మా వైపు మనిషికి కోపం ఎంత పెరిగితే 'అండి' అంత పెరుగుతుంది. కొట్టేముందు 'దయచేసి' కూడా అంటారు.

"తాగేరాండి?" అన్నాడు రాజేంద్రప్రసాద్.

"లేదండి."

"మరి ఆ డబ్బా తాగిందాండి?"

"దాన్నే అడగాలండి."

"పొద్దుట్నుంచీ అది కాస్త తూలుతున్నట్టే కనపడుతోందండి అల్లుడుగారూ," అన్నాను నేను. ఎవరూ నవ్వలేదు. సరే, మాట వృథా అయింది, తర్వాత వాడుకుందాం అనుకున్నాను.

"మావయ్యగారూ, మీరు కాసేపు ఊరుకోండి. బావగారూ, మా చెల్లాయి సంచీ సర్దేసుకుంది. మీ ఎర్ర దీపం చూసి మళ్ళీ విప్పేసి, బట్టలు బీరువాలో పెట్టేస్తోంది. నేనే ఆపేను. ఆగవే, ముందు నేను వెళ్ళి చూసొస్తానన్నాను. పన్నెండులోపు నేను ఫోన్ చేసి రమ్మంటే వస్తాది. లేదంటే ఇంక మరి రాదండి. అదీ సంగతి."

అబ్బులు మొహంలో నెత్తురు చుక్క లేదు. "ప్రసాదూ, ఇవాళ నేను తాగలేదు. ఒట్టు," అన్నాడు.

'ఇవాళ' అన్నాడు. ఆ మాట నాకు తప్ప ఎవరికీ వినపడలేదు. ఎందుకో తర్వాత చెప్తాను.

ఈలోగా మా వదిన కామేశ్వరమ్మగారు కాఫీలు తెచ్చారు. దెబ్బలాడ్డానికి వచ్చినవాళ్ళకి కూడా ఆవిడ చేతి కాఫీ తప్పదు. అయితే ఆ ఇంట్లో కాఫీ తాగడం అంత తేలిక కాదు. మా వదినగారికి ఎంగిలి అంటే యమ భయం. గ్లాసుకి పెదవి తగలకూడదు, ఎత్తి పోసుకోవాలి. పొరపాటున తగిలిందా, ఆ గ్లాసుని పొయ్యి మీద కాల్చి, చింతపండుతో తోమి, మూడు రోజులు దానితో మాట్లాడరు. సలసల కాగే కాఫీని ఎత్తి పోసుకోడం ఆ ఇంట్లో పుట్టినవాళ్ళకే అలవాటు. మిగతావాళ్ళని చొక్కా మీద మరక చూసి గుర్తుపట్టొచ్చు.

రాజేంద్రప్రసాద్ కోపంలో గ్లాసు ఎత్తాడు. సగం నోట్లోకి, సగం జేబులోకి వెళ్ళింది.

"అయ్యో బాబూ, కాలిందా? కోపం తగ్గేక తాగాల్సింది నాయనా," అన్నారు మా వదినగారు, ఎంతో ప్రేమగా.

అప్పుడే అమలాపురం నుంచి స్కూటీ మీద కీర్తి వచ్చింది. ఎర్ర దీపం వెలిగితే మనిషిని కళ్ళారా చూసి మాట్లాడ్డం వాళ్ళ పద్ధతట. వచ్చి అబ్బులు పక్కనే బల్ల మీద కూర్చుంది. ఒక్క మాట గద్దించలేదు.

"అబ్బులుగారూ, ఏవన్నా తీసుకున్నారాండి? తీసుకున్నా పర్లేదండి. ఎర్ర దీపం రావడం తప్పు కాదండి. దాచుకుంటేనే మళ్ళీ మొదటికొస్తాం."

"ఒట్టమ్మా. ఇవాళ ముట్టుకోలేదు."

"సరేనండి. అయితే ఇంకోసారి ఊదండి. చూద్దాం."

"ఉండు ఉండు, నేను తెస్తాను," అని మా వదినగారు బల్ల మీది డబ్బా అందుకుని, గొట్టం ఊడదీసి, పెరట్లోకి వెళ్ళి, రెండు నిమిషాల్లో తిరిగొచ్చారు. గొట్టం తగిలించి కొడుకు చేతికి ఇచ్చారు.

"అబ్బులుగారూ, ఊదండి. ఆయ్, ఇంకొంచెం... ఇంకొంచెం... చాలండి."

మళ్ళీ ఎర్ర దీపం. పైగా పొద్దున నలభై చూపించిన అంకె ఇప్పుడు తొంభై చూపించింది.

కీర్తి ఫోను వంక చూసి, అబ్బులు వంక చూసి, మళ్ళీ ఫోను వంక చూసింది. రాజేంద్రప్రసాద్ లోపల ఉన్న లెక్కల మాస్టారు లేచి నిలబడ్డాడు.

"ఎనిమిదింటికి నలభై. పదింటికి తొంభై. తాగింది ఏదైనా టైము గడిచేకొద్దీ తగ్గాలి కదండీ? ఇది పెరిగిందంటే ఈ మధ్యలో తాగాలి. తొమ్మిదిన్నర్నుంచీ నా కళ్ళ ముందే ఉన్నారు. ఈ మధ్యలో ఆయన నోట్లోకి వెళ్ళింది ఒక్కటే..."

అందరి చూపులూ కాఫీ గ్లాసుల మీద పడ్డాయి. రాజేంద్రప్రసాద్ తన ఖాళీ గ్లాసు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత తన తడిసిన జేబు కూడా వాసన చూసుకున్నాడు.

"అల్లుడుగారూ, అందుకేనండి మీ చొక్కా తూలుతోంది," అన్నాను. ఈసారి కీర్తికి నవ్వొచ్చింది గానీ ఉద్యోగం గుర్తొచ్చి ఆపుకుంది.

"నవ్వులాట కాదండి," అని రాజేంద్రప్రసాద్ గడియారం చూసుకున్నాడు. "ఇంట్లో ఎక్కడో సీసా ఉంది. ఉండకుండా ఉండదు. నేను వెతుకుతాను. దొరికిందా, ఆ సీసా ఫొటో తీసి మా చెల్లాయికి పంపేస్తాను. ఇంక మాట్లాడుకోడం ఉండదు."

వెతకడం మొదలెట్టాడు. కొబ్బరికాయల గుట్ట తిరగేశాడు. బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. ఆవకాయ జాడీ మూత తీసి వాసన చూసి ఏడు తుమ్ములు తుమ్మాడు. "అదుగో, అక్కడ, ఇంకొంచెం ఎడమకి," అంటూ నేను వెనకాలే తిరిగాను. అక్కడ ఏమీ ఉండదని నాకు తెలుసు. కానీ అంత పెద్దమనిషి మంచం కింద దూరి, నెత్తి మీద బూజుతో బయటికి రావడం రోజూ చూసే భాగ్యం కాదు కదా.

అబ్బులు మాత్రం కదల్లేదు. చేతిలో డబ్బా పట్టుకుని దానికేసే చూస్తున్నాడు. పక్కన కీర్తి కూర్చుని, "ఊపిరి నెమ్మదిగా తీసుకోండి. ఇప్పుడు తాగాలనిపిస్తోందాండి?" అని అడిగింది.

"అనిపిస్తోందమ్మా. ఎనభై తొమ్మిది రోజులూ అనిపించనంత అనిపిస్తోంది. తాగకుండానే తాగుబోతునైపోయేక, ఇంక తాగితే ఏం పోయింది అనిపిస్తోంది," అన్నాడు వాడు.

నేను నవ్వు ఆపేశాను.

సరిగ్గా అప్పుడు పెరట్లోంచి కేక. "దొరికింది!"

అందరం పరిగెత్తాం. నూతిగట్టు పక్కన, అంట్లు తోమే చోట, అటక మీంచి కొత్తగా దించినట్టున్న నీలం రంగు డబ్బా ఒకటి ఉంది. అయిదు లీటర్లది. రాజేంద్రప్రసాద్ మూత తీశాడు. గుప్పుమంది. నాకే కళ్ళు తిరిగాయి.

"వాసన చూడండి! అయిదు లీటర్లండి! సగం ఖాళీ! ఇప్పుడేవంటారు బావగారూ?"

వెనకనించి మా వదినగారి గొంతు నింపాదిగా వినిపించింది.

"అది వాడిది కాదు బాబూ. నాది."

రాజేంద్రప్రసాద్ చేతిలో మూత జారి నూతిలో పడింది.

"అత్తయ్యగారూ... మీరా?"

"ఆయ్. నేనే. కరోనా అప్పట్నుంచీ నా దగ్గరే ఉంది."

"అప్పట్నుంచీనా!"

"రోజూ కాదు బాబూ. అవసరం పడినప్పుడే. నాలుగు చుక్కలు."

ఆ మాటలకి లెక్కల మాస్టారు అంట్ల పీట మీద కూలబడిపోయాడు. నేను స్తంభం పట్టుకున్నాను, పడిపోకుండా కాదు, నవ్వకుండా. అబ్బులు తల్లి వంక చూసిన చూపు మాత్రం మర్చిపోలేను. తనలాంటి మనిషి ఇంకొకరు ఇంట్లోనే ఉన్నారా అన్నట్టు, దిగులూ ఆప్యాయతా కలిపి చూశాడు.

కీర్తి ఒక్కతే ముందుకొచ్చి డబ్బా మీద చిరిగిపోయిన కాయితం చదివింది. "మామ్మగారూ, ఇది చేతులకి రాసుకునే శానిటైజరండి."

"మరింకేవనుకున్నారు? కరోనాలో పంచాయతీ వాళ్ళు ఇంటింటికీ పోసేరు. అన్ని రోగాలూ పోతాయన్నారు. దాచుకున్నాను."

"దీంతో ఏం చేస్తారండి?"

మా వదినగారు నా వంక తిరిగారు. ఆ తిరగడంలోనే నాకు అర్థమైపోయింది, ఇవాళ నా పని అయిందని.

"ఈయన్నడగండి! నిన్న సాయంత్రం వాడు ఊదేక గొట్టం బల్ల మీద పెట్టేడు. ఈ మాణిక్యం ఉన్నాడే, దాన్ని ఊడదీసి నోట్లో పెట్టుకుని, రేపు కోడలొస్తోంది, ఇదిగో సన్నాయి మేళం అని పీపీలా ఊదుకుంటూ ఇల్లంతా తిరిగేడు. అరవై రెండేళ్ళొచ్చేయి, బుద్ధుందా? ఆ ఎంగిలి గొట్టం నా కొడుకు నోట్లో పెట్టుకోవాలా? నీళ్ళతో కడిగితే పోతుందా? అందుకని అటక మీంచి ఈ డబ్బా దింపి, గొట్టాన్ని రాత్రంతా అందులో నానబెట్టేను. పొద్దున తీసి ఇచ్చేను. ఇందాకా శుభ్రంగా ఇంకోసారి ముంచి ఇచ్చేను."

కీర్తి నెత్తి పట్టుకుంది. "మామ్మగారూ, ఇందులో ఉన్నదీ మందులో ఉన్నదీ ఒకటేనండి. ఆ డబ్బాకి ముక్కుంది గానీ, అది గొట్టంలోదో మనిషిలోదో తెలీదండి."

"అంటే నా కొడుకు తాగలేదా?"

"తాగింది గొట్టమండి."

ఎవరు ముందు నవ్వారో తెలీదు. రాజేంద్రప్రసాద్ మాత్రం అంట్ల పీట మీంచి లేచి, బూజు నెత్తితో, కాఫీ జేబుతో వచ్చి అబ్బుల్ని కావిలించుకున్నాడు. "ఒరే బావా," అన్నాడు. 'అండి' పోయింది. నా ప్రాణం లేచొచ్చింది.

కీర్తి అబ్బులు చేత నోరు పుక్కిలింపించి, ఇరవై నిమిషాలు ఆగి, సంచీలోంచి కవరు విప్పని కొత్త గొట్టం తీసింది. "మామ్మగారూ, దీన్ని మీరు చూడను కూడా చూడకండి" అని చెప్పి తగిలించింది.

"ఆయ్, ఇంకొంచెం... ఇంకొంచెం... చాలండి."

పచ్చ దీపం. అంకె సున్నా. ఏడు ఫోన్లూ మోగాయి. బజారులోంచి ఇస్సాకు ఫోన్ చేసి, "పచ్చేనా మాణిక్యంగారూ? పొద్దుట్నుంచీ బేరం కూడా చెయ్యలేదండి," అన్నాడు.

పొద్దుటి ఎర్ర దీపం పొరపాటని కీర్తి తన కాయితాల్లో రాయాలి. కారణం ఏమిటని యాపు అడిగింది. డబ్బా పాడవడం, సిగ్నలు లేకపోవడం, ఇతరములు అని మూడే ఇచ్చిందట. ఇతరములు నొక్కి 'ఎంగిలి' అని రాసింది. పది నిమిషాల్లో పై ఆఫీసువాళ్ళు ఫోన్ చేసి, అది ఏ కంపెనీ సామానని అడిగారు.

పన్నెండుకి అయిదు నిమిషాలుందనగా రాజేంద్రప్రసాద్ చెల్లెలికి ఫోన్ చేశాడు. మూడున్నర బస్సుకి దుర్గాశ్రీ దిగింది. సంచీ వసారా మెట్టు మీద పెట్టింది. కథంతా విని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అత్తగారి కాళ్ళకి దణ్ణం పెట్టింది. తర్వాత సంచీ తీసుకెళ్ళి గదిలో మంచం మీద పెట్టింది. అబ్బులు ఆ సంచీ వంక, తప్పిపోయిన దూడ ఇంటికొచ్చినట్టు చూస్తున్నాడు. నేను కూడా కండువాతో మొహం తుడుచుకున్నాను. చెమట.

కథ ఇక్కడ ఆపేసి ఉంటే ఎంత బావుండేది!

"ఒక బహుమతి ఉందండి," అంది కీర్తి. "తొంభయ్యో రోజు పొద్దుటి పచ్చ దీపం వెలగ్గానే, ఇన్ని రోజులూ ఊదినప్పుడు తీసిన ఫొటోలన్నీ కలిపి ఆ యాపు తనే వీడియో చేస్తుందండి. మొదటి రోజు మొహం, ఇవాళ్టి మొహం పక్కపక్కన చూసుకుంటే చాలా ధైర్యంగా ఉంటాదండి. నేను కూడా చూళ్ళేదు. నూట నలభై మందిని చూసుకోవాలి కదండీ, ఎర్రవి వస్తే తెరుస్తాను గానీ పచ్చవి చూసే తీరికుండదు."

నేను గుమ్మం వైపు ఒక అడుగు వేశాను.

ఇన్ని వారాలుగా మీకు అన్నీ చెప్పాను, ఒక్కటి తప్ప. నలభై ఒకటో రోజు. ఐ.పోలవరంలో చెరువులో రొయ్యలు పడుతున్నారని, సరుకు ఎత్తడానికి అబ్బులు బండి వేసుకుని వెళ్ళాడు. చెరువు గట్టు మీద సీసాలు తీశారు. మూడున్నరకి నా ఇంటికొచ్చి, గుమ్మంలో కూలబడి, "బాబాయ్, తాగేసేను. నాలుగవుతోంది. దుర్గ చూసేస్తాది," అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను జన్మలో చుక్క ముట్టనివాణ్ణి. ఫోను నా మొహానికి ఎదురుగా పెట్టుకుని నేనే ఊదాను. పచ్చ దీపం వెలిగింది. నా జన్మలో ఎన్నో వేషాలేశాను. సరదాకి వెయ్యనిది అదొక్కటే.

వాడు మళ్ళీ బండెక్కి వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున్న కూడా పచ్చ దీపమే వచ్చింది. దిగిపోయిందిలే అనుకున్నాను. ఆ తర్వాత వాడు తాగలేదు, అది నాకు తెలుసు. నలభై ఒకటో రోజు సంగతి నాకూ వాడికీ తప్ప ఎవరికీ తెలీదనుకున్నాను.

వీడియో మొదలైంది. మంచం మీద దుర్గాశ్రీ, పక్కన మా వదినగారు, వెనకాల రాజేంద్రప్రసాద్, కీర్తి. మొదటి రోజు అబ్బులు. ఉబ్బిన కళ్ళు, గడ్డం. పదో రోజు కళ్ళు తెరుచుకున్నాయి. ఇరవయ్యో రోజు గడ్డం గీసుకున్నాడు. దుర్గాశ్రీ వేలు చాపి తెర మీద వాడి బుగ్గ ముట్టుకుంది.

"అమ్మాయ్, ముందు టిఫిను తిను. ఇది పారిపోదు," అన్నాను.

"ఉండండి చినమావయ్యగారూ."

ముప్ఫయ్యో రోజు. నాకు గుండె పట్టుకుందన్నాను. నా వేషాలు తెలిసినవాళ్ళు గనక ఎవరూ తల తిప్పలేదు. ముప్ఫై అయిదు. గదిలోంచి జారుకుని, గోడకున్న మెయిను స్విచ్చు కట్టేశాను. ఫ్యాను ఆగింది. లైటు ఆరింది. ఫోను ఆరలేదు. దానికి వేరే ప్రాణం ఉంటుందని నాకు ఆ కంగార్లో తట్టలేదు.

తిరిగి గుమ్మంలోకి వచ్చేసరికి కిటికీ లేని ఆ గది చీకట్లో ఫోను తెర మరీ వెలిగిపోతోంది. దాని నిండా నేనే. బుగ్గలు పూరించుకుని, మీసం పైకి లేచి, గొట్టం నోట్లో. కింద, నలభై ఒకటో రోజు, సాయంత్రం.

దుర్గాశ్రీ నవ్వు ఆగిపోయింది. ఫొటో మారింది. నలభై రెండో రోజు, పొద్దున. అక్కడ అబ్బులు ఉంటాడనుకున్నాను.

లేడు.

నెత్తి మీద కొంగు కప్పుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, కొడుకు ఎంగిలి గొట్టం రెండు పెదాల మధ్య బిగించి పట్టుకుని, బుగ్గలు బూరెల్లా పొంగించి ఊదుతున్నారు మా వదినగారు.

దుర్గాశ్రీ వీడియో ఆపింది. "అత్తయ్యగారూ, ఏంటండిది?"

మా వదినగారు చీర అంచు నలుపుతూ కూర్చున్నారు. "లేపితే లేవలేదే అమ్మా వాడు. ఎనిమిదైపోతోంది. ఆ అమ్మాయి అబ్బులుగారూ, అబ్బులుగారూ అని పిలుస్తూనే ఉంది. జవాబు చెప్పకపోతే మర్యాదగా ఉంటుందా?" అని, గొంతు తగ్గించి, "నువ్వు రావేమోనని భయమేసింది," అన్నారు.

దుర్గాశ్రీ లేచింది. మంచం మీది సంచీ తీసుకుంది. రాజేంద్రప్రసాద్ కూడా లేవబోయాడు. ఆవిడ వసారా దాటలేదు. సంచీని గడప మీద పెట్టి, దాని పక్కనే కూర్చుంది. ఇంటికి లోపలా కాదు, బయటా కాదు.

"చినమావయ్యగారు చెప్పొద్దు. అత్తయ్యగారు చెప్పొద్దు. కీర్తిగారు కూడా చెప్పొద్దండి," అంది. తర్వాత మొగుడి మొహంలోకి సూటిగా చూసింది. "నలభై ఒకటో రోజు ఏం జరిగిందండీ?"

అబ్బులు వచ్చి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. అలవాటు కొద్దీ వాడి చెయ్యి ఆవిడ నెత్తి మీదికి లేచింది. మధ్యలో ఆగింది. వెనక్కి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకున్నాడు. ఊపిరి గట్టిగా తీసుకుని, నోరు తెరిచాడు.

"అబ్బులుగారూ, వేళయిందండి," అంది ఫోను.